ఒకే ఇల్లు, ముగ్గురు వారసులు, మూడు పన్నులు

చాలా రోజుల్నుంచి ఈ విషయం మీద రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నా. బద్ధకం సగం, ఇంటి గొడవ వీధిలో పెట్టడమెందుకన్న మొహమాటం సగం. మొన్న వైజాగ్ వెళ్ళి, పూర్ణా మార్కెట్ వెనక మా పాత ఇంటి ముందు కాసేపు నిలబడి వచ్చాక ఇక రాయకుండా ఉండలేకపోతున్నా. విషయం పేరు చెప్తే సగంమంది ఇక్కడే ఆగిపోతారని తెలుసు: క్యాపిటల్ గెయిన్స్ టాక్స్. పుస్తకాల తెలుగులో మూలధన లాభాల పన్ను. ఆగండాగండి, సెక్షన్ల పురాణం విప్పను. ఇది మా నాన్న, మా అత్త, మా బాబాయి కథ. ముగ్గురి మధ్యా ఎక్సెల్ షీటు పట్టుకుని తిరిగి చివరికి మాటపడ్డ నా కథ కూడా.

మా తాతయ్య పోర్టులో గుమస్తా. 1974లో పూర్ణా మార్కెట్ వెనక సందులో నూటపది గజాల్లో ఒక పెంకుటిల్లు కొన్నారు. తర్వాత్తర్వాత అది డాబా అయింది. తెల్లవారుజామున కూరగాయల లారీల హారన్లు, కలాసీల కేకలు, గాలి ఇటు తిరిగితే ఎండుమిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ములు. అలారం అక్కర్లేని ఇల్లు అని నాన్న ఇప్పటికీ అంటారు. మార్గశిరం వస్తే గురువారాలు నాన్నమ్మ అక్కణ్ణుంచి కనకమహాలక్ష్మి గుడికి నడిచే వెళ్ళేది. తాతయ్య 2011లో పోయారు, వీలునామా రాయలేదు. నాన్నమ్మ 2024 జనవరిలో పోయింది. ఇల్లు ముగ్గురికీ సమానంగా వచ్చింది. అత్త అందరికంటే పెద్దది, అనకాపల్లిలో ఉంటుంది. నాన్న రిటైరై గాజువాకలో ఉంటున్నారు. బాబాయి ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో, మనలాగే సాఫ్ట్‌వేరు.

ముగ్గురిలో ఎవరూ ఆ ఇంట్లో ఉండరు. అత్తకి మోకాళ్ళ ఆపరేషనుంది, మనవరాలి కాలేజీ ఫీజుంది. అమ్మేద్దామనుకున్నారు. పన్ను ఎంతవుతుందో చూడమని నాకు చెప్పారు. ఇంట్లో దగ్గర్లో దొరికే ఇంజినీర్ని నేనే (మెకానికల్ చదివి జావా రాస్తున్నా, అది వేరే సంగతి).

2024 మే నెలాఖరులో హైదరాబాదులో ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశా. అప్పటి నియమం ఇది. వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మినప్పుడు ఉంటుంది. కొన్న ధర అంటే తాతయ్య కొన్న ధరే. అయితే 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజుకున్న విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. అది కూడా రిజిస్ట్రేషను లెక్కల్లో ఆ నాటి ప్రభుత్వ విలువ దాటకూడదు (ఈ మెలిక 2020లో పెట్టారు). ఆ పాత విలువ కాగితం కోసం నాన్న ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగారు. పదిహేను లక్షలని తేలింది. అంటే మనిషికి 5 లక్షలు. దాన్ని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచుకోవడాన్నే ఇండెక్సేషన్ అంటారు. 2001-02 సూచీ 100 అయితే 2024-25 సూచీ 363. కాబట్టి 5 లక్షలు కాస్తా 18 లక్షల 15 వేలవుతుంది. ఇల్లు 90 లక్షలు పలుకుతుందని అంచనా, మనిషికి 30. లాభం 11 లక్షల 85 వేలు. దాని మీద 20 శాతం అంటే 2 లక్షల 37 వేలు, పైన సెస్సు.

ఫ్యామిలీ వాట్సప్ గ్రూపులో గర్వంగా పెట్టా: "ముగ్గురికీ సమానం. మనిషికి 2.37 లక్షలు." అత్త దణ్ణం బొమ్మ పెట్టింది. బాబాయి బొటనవేలు పెట్టాడు. అన్నదమ్ములూ అక్కా తగవు లేకుండా ఆస్తి పంచుకోవడానికి నా వంతు సాయం చేశానని మురిసిపోయా.

జులై 23న బడ్జెట్ వచ్చింది. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఇండెక్సేషన్ ఎత్తేశామన్నారు. 20 శాతం బదులు 12.5 శాతం, కానీ ధరల పెరుగుదల లెక్క ఉండదు. అదే రోజు నుంచీ అమలు. ఆఫీసులో లంచ్ టైములో షీటు మళ్ళీ తెరిచా. 30 లో 5 తీసేస్తే లాభం 25 లక్షలు, అందులో 12.5 శాతం 3 లక్షల 12 వేల 500. రేటు తగ్గింది, పన్ను పెరిగింది! అత్త ఫోను చేసింది. "ఏట్రా సిన్నా, మే నెల్లో ఒకలాగ సెప్పి ఇప్పుడింకోలాగ సెప్తన్నావు? నువ్వు మార్సీసేవా, గవర్మెంటోడు మార్సీసేడా?" అంది. నేను కాదత్తా అన్నా గానీ నమ్మినట్టు లేదు.

దేశమంతా గోల అయింది. పదిహేను రోజులు తిరక్కుండానే, ఆగస్టు 7న, లోక్‌సభలో సవరణతో బిల్లు పాసయింది. 2024 జులై 23కి ముందు కొన్న స్థలాలకీ ఇళ్ళకీ రెండు లెక్కలూ వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చన్నారు. నేను హెడ్‌లైన్ చదివా. గ్రూపులో పెట్టా: "పాత లెక్కే ఖాయం. ఎవరూ కంగారు పడొద్దు."

ఆ మెసేజే నా కొంప ముంచింది. ఎందుకో తర్వాత చెప్తా. ముందు ఇల్లు కొనడానికొచ్చిన వాళ్ళ సంగతి.

మొదటొచ్చింది మార్కెట్‌లోనే ఉల్లిపాయల హోల్‌సేల్ చేసే ఆయన. ఆయనకి గోడౌను కావాలి. 96 లక్షలిస్తానన్నాడు. 60 కాగితం మీద, మిగతా 36 చేతికి. ప్రభుత్వ విలువ 60 లోపే ఉంది కాబట్టి రిజిస్ట్రేషనుకి అడ్డం లేదు. నేను టాక్స్ లెక్క గురించి ఏదో చెప్పబోయా. ఆయన నవ్వి, "ఏటి బావూ, సదువుకున్నోడివి, నీకు తెల్దా? క్యాషుకి ఇండెక్సూ లేదు, గిండెక్సూ లేదు. లెక్కెట్టుకోడవే" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన్ని తిట్టుకోవాలో మెచ్చుకోవాలో తెలీలేదు. రెండు నెలలుగా నేను మూడుసార్లు మార్చిన షీటు ఆయన దగ్గర ఒక్క వాక్యం.

మన ముగ్గురు వారసులూ మూడు దారులు పట్టారు. అత్త క్యాషు వైపు. ఆవిడకి డబ్బు అవసరం, డబ్బు రంగుతో పని లేదు. బాబాయి ససేమిరా అన్నాడు. ఆయన న్యూజెర్సీకి పంపుకోవాలంటే బ్యాంకులో పడాలి, లెక్క చూపించాలి, సంచీలో ఇస్తే ఏం చేసుకుంటాడు? నాన్న మధ్యలో. నన్ను పిలిచి నిజం లెక్క వెయ్యమన్నారు. వేశా. క్యాషు దారిలో నాన్న వాటా 32 లక్షలు. కాగితం మీద 20 లక్షలే కాబట్టి పన్ను సెస్సుతో కలిపి 38,480. చేతిలో మిగిలేది 31,61,520. మొత్తం వైటులో 90 లక్షలకి కొనేవాళ్ళు దొరికితే వాటా 30 లక్షలు, పన్ను 2,46,480, మిగిలేది 27,53,520. తేడా సరిగ్గా 4 లక్షల 8 వేలు. ఒక రిటైరైన మనిషికి నిజాయితీ ఖరీదు అది.

భయం కూడా ఉందనుకోండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడొచ్చని చట్టంలో ఉంది. కానీ ఆ సందులో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎంతమంది దానికి భయపడి ఆగారో మీరే ఊహించుకోండి. నాన్న ఒక రాత్రి ఆలోచించి పొద్దున్నే తేల్చేశారు. "ముప్పై ఆరు లక్షలు ఎక్కడ దాస్తాంరా, కందిపప్పు డబ్బాలోనా? వద్దు. తమ్ముడికి పనికిరాని డబ్బు మనకీ వద్దు." అత్త రెండు వారాలు మాట్లాడలేదు. నవంబరులో బ్యాంకు లోను మీద కొనే ఒక కుటుంబం 90కి ఒప్పుకుంది. అంతా వైటు.

అప్పుడు కాగితాలు చూపించడానికి డాబాగార్డెన్స్‌లో ఒక ఆడిటర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నా షీటు చూసి బాగానే వేశావన్నారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "మీ బాబాయిగారు రెసిడెంటేనా?"

ఆగస్టు సవరణలో ఏది తక్కువైతే అది కట్టే వీలు భారతదేశ రెసిడెంట్లయిన వ్యక్తులకీ, హిందూ అవిభక్త కుటుంబాలకీ మాత్రమే. ఎన్నారైలకి లేదు. ఒక్క మాట. కోడ్ రివ్యూలో జూనియర్ల కోడ్‌లో ఇలాంటి కండిషన్ వదిలేస్తే నేనే ఎర్ర గీత పెడతా. నేనే వదిలేశా, అదీ ముగ్గురి సొమ్ము విషయంలో.

ఇప్పుడు చూడండి. అదే ఇల్లు, అదే ధర, అదే రోజు, ఒకే తల్లిదండ్రుల నుంచి వచ్చిన సమాన వాటాలు. నాన్న పన్ను 2,46,480. బాబాయి పన్ను 3,25,000. అత్తకి వేరే ఆదాయం లేదు. రెసిడెంటు కాబట్టి ఆ ఏడాదికున్న 3 లక్షల మినహాయింపు పరిమితిని ఈ లాభంలోంచే తీసేసుకోవచ్చు, కాబట్టి ఆవిడ పన్ను 1,84,080 (ఇది కూడా మే నెలలో నాకు తెలీదు). ఎన్నారైకి ఆ సర్దుబాటూ లేదు. సమానం, సమానం అని నేను గ్రూపులో పెట్టిన మూడు అంకెల్లో ఒక్కటీ ఇంకోదానికి సమానం కాదు.

పైగా కొనేవాళ్ళు కోసుకునే టీడీఎస్. నాన్న వాటాలో ఒక్క శాతం, 30 వేలు. బాబాయి వాటాలో లాభం మీద కాదు, మొత్తం 30 లక్షల మీద 12.5 శాతమూ సెస్సూ కలిపి 3 లక్షల 90 వేలు. తక్కువ కొయ్యమని ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ దానికి వారాలు పడుతుంది, కొనేవాళ్ళ లోను గడువు ఆగదు. ఎక్కువ కోసింది తర్వాత రిటర్ను వేసి తెచ్చుకోవాల్సిందే.

బాబాయికి ఈ మాట నేనే ఫోనులో చెప్పా. ఆయన తిడతాడనుకున్నా, తిట్టలేదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, నేనేమన్నా పక్కింట్లో పుట్టానట్రా?" అన్నాడు.

చట్టం దృష్టిలో దానికి జవాబుంది, ఆయన రెసిడెంటు కాదు అని. కానీ ఆయన అడిగింది చట్టాన్ని కాదు. అన్నయ్య కంటే తనకి 78,520 రూపాయలు తక్కువ రావడం ఆయనకి డబ్బుగా పెద్ద లెక్క కాదు. సమానం అని చెప్పి సమానంగా ఇవ్వకపోవడం, అదీ లెక్క. అందులో నా చెయ్యి ఉంది.

నాన్న ఒక ఉపాయం చెప్పారు. ముగ్గురి పన్నూ కలిపి మూడు భాగాలు చేసుకుందామని. మొత్తం 7,55,560, మనిషికి 2.51 లక్షలు చిల్లర. అత్త ఒప్పుకోలేదు. "నాకు తగ్గించినోడు గవర్మెంటోడు. మీకెందుకియ్యాలి?" అంది. ఆ మాటలోనూ తప్పు లేదు. ఆవిడకి ఆదాయం లేదనే కదా తగ్గింది. నాన్న తన వాటాలోంచి సగం తేడా పంపుతానంటే బాబాయి వద్దన్నాడు. సంక్రాంతికి ఫోను చేశాడు, పూర్ణా మార్కెట్‌లో వంకాయలెంతున్నాయని అడిగాడు, ఇల్లు మాట ఎత్తలేదు. అది మామూలు అవడానికి ఏడాది పట్టింది.

సరే, ఇంటి కథ అయింది. ఇక అసలు విషయం.

ఈ పన్ను మన దేశంలో మొదట పెట్టింది 1947 బడ్జెట్‌లో లియాఖత్ అలీ ఖాన్. 1949లో ఎత్తేశారు. 1956లో కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ సిఫార్సు మీద టి.టి.కృష్ణమాచారి మళ్ళీ పెట్టారు. కాల్డోర్ చెప్పిన వాటిలో వ్యయపన్ను 1966లో పోయింది, గిఫ్ట్ టాక్స్ 1998లో పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. ఇదొక్కటే మిగిలింది. మిగలడమే కాదు, ప్రతి ప్రభుత్వమూ దీనికో అతుకు వేసింది. 1992లో ఇండెక్సేషన్ వచ్చింది, 1981 మూలంగా. 2017లో మూలం 2001కి జరిపారు, ఇళ్ళకి దీర్ఘకాలం అంటే మూడేళ్ళ బదులు రెండేళ్ళన్నారు. షేర్లకి 2004లో దీర్ఘకాల లాభం మీద పన్ను తీసేసి, 2018లో మళ్ళీ పెట్టి, 2018 జనవరి 31 నాటి ధర అని ఒక గీత గీశారు. 2023 ఏప్రిల్ నుంచి కొన్న డెట్ ఫండ్లకి వేరే దారి. 2024లో ఇండెక్సేషన్ తీసి సగంమందికి తిరిగిచ్చారు.

మనం రోజూ ఆఫీసులో చూసేదే కదా ఇది. పాత కోడు తీసెయ్యడానికి ధైర్యం చాలక, పాత యూజర్ల కోసమని ఒక ఇఫ్, కొత్తవాళ్ళ కోసం ఒక ఎల్స్. ఏ ఒక్క అతుకూ తప్పు కాదు, వేసిన రోజున ప్రతిదానికీ ఒక కారణం ఉంది. పదేళ్ళ తర్వాత చూస్తే ఎవడికీ అర్థం కాదు.

నమ్మకం లేకపోతే పూర్ణా మార్కెట్ నుంచి నాలుగడుగులు వేసి కురుపాం మార్కెట్‌కి రండి, బంగారం కొట్ల దగ్గరికి. గాజుగా కొంటే దీర్ఘకాలం అంటే 24 నెలలు. అదే బంగారం ఎక్స్ఛేంజిలో ఈటీఎఫ్‌గా కొంటే 12 నెలలు. ప్రభుత్వ గోల్డ్ బాండు జారీ అయినప్పుడే తీసుకుని గడువు దాకా ఉంచుకుంటే లాభం మీద పన్నే లేదు. లోహం ఒక్కటే, కొట్టు మారితే లెక్క మారుతుంది. మనలో చాలామందికి జీతంలో భాగంగా అమెరికా కంపెనీ షేర్లొస్తాయి. న్యూయార్కులో లిస్టయినవైనా ఇక్కడి ఎక్స్ఛేంజిలో లేవు కాబట్టి వాటికి 24 నెలలు, మన టీసీఎస్, ఇన్ఫోసిస్ షేర్లకి 12. ఇది తెలీక పద్నాలుగో నెలలో అమ్మేసి శ్లాబు రేటు కట్టిన మిత్రులు నాకు ఇద్దరున్నారు.

మినహాయింపులు లేవా అంటారు. ఉన్నాయి. ఇల్లమ్మి రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా లాభం మీద పన్ను తప్పుతుంది. లేదా ఆరు నెలల్లో 50 లక్షల దాకా ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెట్టి ఐదేళ్ళు కదపకుండా ఉంచాలి, 5 శాతం చిల్లర వడ్డీ. ఎవరికి పనికొస్తాయివి? డబ్బుతో ఇప్పుడు అవసరం లేనివాళ్ళకి. మోకాళ్ళ ఆపరేషనున్న మా అత్త ఐదేళ్ళు ఆగగలదా? ఆగగలిగినవాడికి పన్ను లేదు, ఆగలేనివాడు కట్టాలి. దీన్ని ఎవరూ కావాలని ఇలా పెట్టి ఉండరు. కానీ జరిగేది ఇదే.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025లో పాసయింది, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. 819 సెక్షన్లు 536 అయ్యాయి, భాష తేలికైంది, ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ గొడవ పోయి ఒకే టాక్స్ ఇయర్ అన్నారు. మంచిదే, నిజంగానే మంచిదే. కానీ వేరియబుల్ పేర్లు మార్చారు, లాజిక్ మార్చలేదు. మా ఇల్లు ఆ చట్టం కింద అమ్మినా మూడు పన్నులే వస్తాయి.

మరి ఏం చెయ్యాలి? నేను ఆర్థికవేత్తని కాదు. ఒక ఇల్లు అమ్మిన అనుభవంతో నాలుగు మాటలు.

మొదటిది, రెండు లెక్కలు వేసి తక్కువది కట్టే పద్ధతి పోవాలి. 2024 జులైకి ముందు కొన్న ఆస్తులకి ఆ రోజు వరకూ ధరల పెరుగుదల కలిపి, ఆ మొత్తాన్నే కొన్న ధరగా ఒక్కసారి ఖాయం చేసేయాలి. షేర్లకి 2018 జనవరి 31 గీత గీసినట్టు. ఆ తర్వాత అందరికీ ఒకే 12.5. ఖజానాకి నష్టమేనని ఒప్పుకుంటా. మా లెక్కలో అయితే నాన్న దగ్గర సెస్సు కాక 88,875 తగ్గుతుంది. కానీ 96 లక్షల బేరంలో 36 లక్షలు చీకట్లోకి పోతే తగ్గేదెంతో కూడా పక్కన రాసుకుని చూడాలి.

రెండోది, పన్ను ఆస్తిని బట్టి ఉండాలి గానీ అమ్మేవాడు ఎక్కడుంటున్నాడన్నదాన్ని బట్టి కాదు. ఎన్నారై దగ్గర ముందే కొయ్యడంలో అర్థం ఉంది, డబ్బు దేశం దాటితే పట్టుకోవడం కష్టం. కోత వేరు, లెక్క వేరు. లెక్క ఒక్కటే ఉండాలి.

మూడోది, సొంతిల్లు అమ్మినవాళ్ళకి మినహాయింపు ఇవ్వదలుచుకుంటే, మళ్ళీ ఇల్లు కొను, బాండు కొను అనే షరతులు వద్దు. అమెరికాలో 1997 నుంచీ ఒక పద్ధతుంది. చివరి ఐదేళ్ళలో రెండేళ్ళు నువ్వున్న ఇల్లయితే రెండున్నర లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను లేదు, ఆ డబ్బుతో నువ్వేం చేసుకున్నా సరే. పరిమితి ఎంతన్నది మన స్తోమతని బట్టి పెట్టుకోవచ్చు. మేము అమ్మినలాంటి వారసత్వపు ఇళ్ళకి కూడా జీవితంలో ఒకసారి అలాంటి పరిమితి ఇస్తే అత్తలాంటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు.

నాలుగోది, ఏం మార్చినా వచ్చే ఏప్రిల్ నుంచి మార్చండి. ఇల్లమ్మడం చొక్కా అమ్మడం కాదు, బేరం నెలలు నడుస్తుంది. పొద్దున ఒక చట్టం, మధ్యాహ్నం ఒక చట్టం అంటే బేరం మధ్యలో ఉన్నవాడి గతేంటి?

ఇదంతా విని మా టీములో ఒక మిత్రుడు గట్టిగా అడిగాడు: "మన జీతం మీద 30 శాతం కోస్తున్నారు. కూర్చున్నచోట పెరిగిన ఇంటి మీద 12.5. ఇంకా ఏడుపేంటి?" న్యాయమైన ప్రశ్నే. నేను రేటు గురించి ఏడవడం లేదు. 15 అన్నా కడతాం. జీతం మీద కోత ఎంత ఎక్కువైనా నా లెక్కా నా పక్క సీటువాడి లెక్కా ఒకే సూత్రంతో వస్తాయి. ఇల్లు విషయంలో ఒకే తల్లి పిల్లలకి అది రాలేదు. ఇంకొకళ్ళు, ధరల పెరుగుదల లెక్క తీసేస్తే సామాన్యుడికి అన్యాయం కదా అన్నారు. ఆ బాధా నిజమే. బ్రిటన్ కూడా 1982లో ఇండెక్సేషన్ తెచ్చి, 1998లో దాని బదులు ఇంకా మెలికలున్న పద్ధతి పెట్టి, 2008లో అదీ తీసేసి 18 శాతం ఒకే రేటు చేసుకుంది. ఏదో ఒకటి ఎంచుకుని నిలబడాలి. రెండూ సగం సగం ఉంచితే ఆడిటర్లకే లాభం.

మొన్న వెళ్ళినప్పుడు మా ఇంటి ముందు గది గోడ పడగొట్టి షట్టర్ పెడుతున్నారు. కాసేపు చూసి మార్కెట్‌లోకి నడిచా. అమ్మ చింతపండు, ధనియాలు తెమ్మంది. కొట్లో గుమస్తా పాత బిల్లు వెనక పెన్సిల్‌తో కూడాడు, నేను మనసులో కూడుకున్నా, ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. డబ్బులిచ్చి వచ్చేశా. అనుమానం లేదు, ఆడిటర్ అక్కర్లేదు.

అక్కడే ఉల్లిపాయలాయన కనిపించాడు. మా ఇల్లు చేజారిందని బాధేం లేదు, కొత్తరోడ్డు వైపు ఇంకోటి కొన్నాడట. ఎలా కొన్నావని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. "మీ నాన్న బాగున్నాడా బావూ? మంచోడు" అన్నాడు. ఆ "మంచోడు"లో మెచ్చుకోలు ఎంతో, జాలి ఎంతో నాకు అంతుపట్టలేదు.

ఆయన నియమం ఒక్క వాక్యం. దానితో పోటీ పడాల్సిన మన చట్టం కనీసం ఆ గుమస్తా పాత బిల్లు వెనక వేసుకోగలిగేంత ఉండాలి. ఎవరు వేసినా అదే అంకె రావాలి. అంతకంటే పెద్ద సంస్కరణ నాకు తోచడం లేదు. మీ ఇళ్ళల్లోనూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి అమ్మాల్సిన ఇల్లేదైనా ఉంటే, గ్రూపులో "ముగ్గురికీ సమానం" అని పెట్టే ముందు ఒక్కసారి ఆగండి. ఎవరు ఎక్కడుంటున్నారో అడగండి. నేను అడగలేదు.